వాళ్ళకు కూడా కరెంటు పోయిందా?

కరెంటు పాఠం పదో తరగతి పుస్తకంలో ఉంటుందట. నేను తొమ్మిదితోనే బడి దిగిపోయాను. ఇంకొక్క ఏడాది ఓపిక పట్టి ఉంటే ఈ కథ జరిగేదే కాదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. (ఓపిక పట్టాల్సింది నేను కాదు, మా సార్లు. వాళ్ళు పట్టలేకపోయారు.) ఆ రోజుల్లో అనగానే మీరు మరీ వెనక్కి వెళ్ళకండి, ఐదారేళ్ళ కిందటి మాటే. కొత్తగా పెళ్ళయింది. నడుము సన్నగా, జుట్టు ఒత్తుగా, తెలివి పలచగా ఉండేవి. ఇప్పుడు మొదటి రెండూ తారుమారయ్యాయి. మూడోది అలాగే ఉంది.

సిద్దిపేటలో మా గల్లీలో కరెంటు పోతే ఎవరూ ముందు కొవ్వొత్తి వెతకరు. ముందు గడప దాకా వచ్చి ఎదురింటి వైపు చూస్తారు. "మీకు గూడ పోయిందా?" అని ఇటు నుంచి, "ఆఁ, మాకు గూడ పోయింది" అని అటు నుంచి. అంతే, ప్రాణం కుదుటపడుతుంది. అప్పుడు విసనకర్ర తీసుకుని అరుగు మీద కూర్చుని హాయిగా ముచ్చట్లు పెట్టుకోవచ్చు. గల్లీ మొత్తం చీకటైతే అది కరెంటు ఆఫీసు సంగతి. మన ఒక్క ఇల్లే చీకటై ఎదురింట్లో ఫ్యాను తిరుగుతుంటే మాత్రం అన్నం సయించదు. కరెంటు గురించి నాకు తెలిసిన శాస్త్రమంతా ఆ గడప మీద నేర్చుకున్నదే.

అప్పట్లో నేను పాత బస్టాండు దగ్గర సీటు కవర్లు కుట్టే షాపులో పనిచేసేవాణ్ణి. మా ఆవిడ అక్క భర్త, అంటే మా షడ్డకుడు, సెల్ టవర్ల దగ్గర బ్యాటరీలు చూసే ఉద్యోగం చేసేవాడు. మనిషి మంచివాడు. అదే అతనితో వచ్చిన చిక్కు, తిట్టుకుందామంటే సందు దొరకదు. అతను ఒక పాత అంబులెన్సు కొని, లోపల మంచం, పొయ్యి, చిన్న ఫ్రిజ్, టీవీ, లైట్లు అమర్చి, పైన సోలార్ పలకలు పరిచి, మంచం కింద సూట్‌కేసంత కొత్తరకం బ్యాటరీ బిగించి, ఒక ఎండాకాలం మధ్యాహ్నం అక్కన్నపేటలో మా అత్తగారింటి ముందు తెచ్చి ఆపాడు. వాడకట్టంతా చూడ్డానికి వచ్చింది. మా అత్త చెప్పులు కిందే విడిచి బండెక్కింది. (నా స్కూటరు ఎక్కేటప్పుడు ఏనాడూ విడవలేదు.) ఫ్రిజ్ తెరిచి మొహం లోపలికి పెట్టి, "అవ్వో, ఎంత సల్లగుంది! అచ్చం ఇంటి లెక్కనే చేసినవ్ గదా కొడుకా" అంది. నన్ను అప్పటిదాకా 'అల్లుడా' అనే పిలిచేది. అతను 'కొడుకు' ఎప్పుడయ్యాడో నాకు తెలియదు.

షడ్డకుడు నాకూ ఒక గ్లాసు చల్లటి నీళ్ళు అందించాడు. "వద్దన్నా, నాకు కుండ నీళ్ళే అలవాటు" అన్నాను. తీరా చూస్తే ఆ రోజు కుండ నీడలోంచి జరిగి ఎండలో కాగుతోంది. ఆ నీళ్ళే గటగటా తాగాను. లోపల మాత్రం ఏమీ చల్లబడలేదు.

ఇంతలో మా మామ బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వచ్చి, "ముసల్దీ, నేనూ సముద్రం సూసినోళ్ళం గాదు. గీ బండి ఉంటే లాడ్జీలు గిట్ల ఏం అవసరం లేదు, సక్కగ పోయి రావొచ్చు పెద్దల్లుడా" అన్నాడు. చిన్నల్లుడనే వాడొకడు పక్కనే నిలబడి ఉన్నాడన్న ధ్యాసే లేదు. "మామా, నేను గూడ గిట్లాంటి బండి ఒకటి తయారు చేస్తున్న" అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చేదాకా ఆ సంగతి నాకూ తెలియదు. మా ఆవిడ నావైపు చూసింది. ఆ చూపుకు ఇన్వర్టరు అవసరం లేదు, నేరుగా షాకు కొట్టింది. మా మామ న్యాయం తెలిసినవాడు. "అయితే రెండు బండ్లు తీస్కొని ఒక ఐతారం నాడు మర్కూక్ రిజర్వాయరు కట్ట దాక పోదాం. ఏది మంచిగుంటే గదాంట్లనే సముద్రానికి" అని తీర్పు చెప్పాడు.

మా సేటు దగ్గర మూలకు పడి ఉన్న ఒక స్కూలు వ్యానును బతిమాలి తీసుకున్నాను. (బడి నన్ను వదిలినా బడి బండి వదల్లేదు.) సీట్లకు మెరూన్ రంగు వెల్వెట్టు, కిటికీలకు కుచ్చుల కర్టెన్లు కుట్టాను. అందులో కూర్చుంటే పెళ్ళికొడుకునన్న భ్రమ కలిగేది. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ అతని బండిలో చిన్న ఫ్రిజ్ ఉంది కాబట్టి మా ఇంట్లోని పెద్ద ఫ్రిజ్ ఎక్కించాను. అతనికి టీవీ ఉంటే నేను జానెడు పెద్ద టీవీ పెట్టాను. అతనిది ఫ్యానైతే నాది కూలరు. అతను గ్యాసు మీద వండుతాడని తెలిసి కరెంటు కుక్కరు, మిక్సీ, చివరికి ఇస్త్రీ పెట్టె కూడా చేర్చాను. (సముద్రం ఒడ్డున ఇస్త్రీ ఎవరికని అడక్కండి. అతనికి లేదు, అంతే.) ఇన్నిటికీ కలిపి రెండు పాత ట్రాక్టర్ బ్యాటరీలు, ఒక ఇంటి ఇన్వర్టరు. అవి చాలవేమోనని, బండి స్టార్టవడానికి ఉండే బ్యాటరీని కూడా వాటితోనే కలిపేశాను.

ఒకరోజు షడ్డకుడు షాపుకు వచ్చి అంతా చూశాడు. "తమ్మీ, లైట్లు, టీవీ పెట్టుకో, ఏం గాదు. వేడి చేసేటియి మాత్రం పెట్టకు. కుక్కరు, ఇస్త్రీ పెట్టె కరెంటు మస్తు గుంజుతయి. మల్ల బండి బ్యాటరీని ముట్టకు, దాని జాగల దాన్ని ఉండనియ్" అన్నాడు. సరే అన్నాను. అతను సందు మలుపు తిరగగానే, నాకు అన్నం తెచ్చిన మా ఆవిడతో, "చూసినవా, మన బండి చూసి ఎట్ల కుళ్ళుకుంటుండో!" అన్నాను. ఆమె టిఫిన్ డబ్బా మూత పెడుతూ, "ఆఁ, మస్తు కుళ్ళుకుంటుండు పాపం" అంది. ఎవరి గురించి అందో అడగడం నాకు తోచలేదు.

ఆ ఆదివారం పోయేటప్పుడు అత్తామామలు నా బండిలోనే కూర్చున్నారు. మెత్తటి సీట్లు చూసి మా అత్త, "నడుముకు మంచిగుంది కొడుకా" అంది. నేనూ కొడుకునయ్యాను! మర్కూక్ దాకా వ్యాను నేల మీద నడవలేదు. కట్ట కింద చెట్ల దగ్గర రెండు బండ్లూ ఎదురెదురుగా ఆపాం. కట్ట మీదికెక్కి ఆ నీళ్ళను చూసి మా అత్త, "గిదే సముద్రం లెక్కుంది. ఇంక ఆడి దాక పోవుడెందుకు?" అంది. "కాదత్తా!" అని అల్లుళ్ళిద్దరం ఒక్కసారే అరిచాం. మా ఇద్దరి నోట ఒకే మాట రావడం అదే మొదలు.

సాయంత్రం అసలు పరీక్ష మొదలైంది. మసక చీకటి పడుతుండగా షడ్డకుడి బండిలో తెల్లటి లైట్లు వెలిగాయి. నేను ఊరుకుంటానా? లైట్లు, టీవీ, కూలరు వేశాను, ఫ్రిజ్ ఎలాగూ నడుస్తోంది. కుక్కరులో బియ్యం పడేసి, "అత్తా, నువ్వు పల్లి పచ్చడి మిక్సీ పట్టు, ఇంట్ల లెక్కనే" అన్నాను. "అన్నీ ఒక్కసారే ఎందుకయ్యా?" అంది మా ఆవిడ. "ఆడ సూస్తున్నరు, నువ్వు ఊకో" అన్నాను. ఇన్వర్టరు కీచుమంటూ ఏదో చెప్పబోయింది. దాన్నీ ఊకోమన్నాను. మిక్సీ గుర్రుమని, గుర్... అని, ఆగింది. టీవీలో వార్తలు చదువుతున్నావిడ నోరు తెరిచింది తెరిచినట్టే మాయమైంది. అంతా చీకటి.

"కరెంటు పోయిందా?" అంది మా అత్త చీకట్లోంచి. "లైన్‌మన్‌కు ఫోన్ చెయ్యరాదు" అన్నాడు మా మామ. ఆయన వేళాకోళానికన్నాడో, నిజంగానే అన్నాడో ఇప్పటికీ తేలలేదు. నేనేం చేశానో తెలుసా? పుట్టినప్పటి నుంచి చేస్తున్నదే. గబగబా లేచి, కుచ్చుల కర్టెన్ పక్కకు లాగి, ఎదుటి బండి వైపు చూస్తూ గట్టిగా, "అన్నా! మీకు గూడ పోయిందా?" అని అడిగాను.

ఆ బండి పెళ్ళి ఇల్లులా వెలిగిపోతోంది. ఎవరి కరెంటు వాళ్ళే మోసుకొచ్చుకున్నామన్న సంగతి ఒక్క క్షణం ఆలస్యంగా తట్టింది. ఆ క్షణంలో ఆ బండిలో ఉన్న మా వదిన నవ్వు కట్ట దాటి అవతలి ఒడ్డుకు వినిపించి ఉంటుంది. మా అత్త సగం నలిగిన పచ్చడి ఒక చేత్తో, సగం నానిన బియ్యం ఇంకో చేత్తో పట్టుకుని, చెప్పులు విడిచి ఆ బండెక్కింది. షడ్డకుడు మాత్రం నవ్వలేదు. "ఏం గాదు తమ్మీ, గ్యాసు మీద పెడుదాం" అన్నాడు. నవ్వినా బాగుండేది.

అంతటితో అయిందా? తిరిగి వెళ్దామని తాళం తిప్పితే బండి 'టక్' అని ఊరుకుంది. స్టార్టయ్యే బ్యాటరీ కూడా మా అత్త పచ్చడిలోనే కలిసిపోయింది. షడ్డకుడు రెండు లావుపాటి వైర్లు తెచ్చి, తన బ్యాటరీ నుంచి నా బండికి తగిలిస్తే అప్పుడు కదిలింది. అత్తామామలు అటు సర్దుకున్నారు. ఇటు వెల్వెట్టు సీట్ల మధ్య నేనూ, మా ఆవిడే మిగిలాం.

ఆ తర్వాత వాళ్ళు సముద్రానికి పోయారు, అతని బండిలోనే. అత్త నడుము కోసం నా వెల్వెట్టు సీటొకటి విప్పి ఆ బండిలో నేనే బిగించి ఇచ్చాను. అది బాగుందని సముద్రం దగ్గర నుంచి ఫోన్ చేసి మరీ చెప్పింది, 'కొడుకా' అనే. ఇప్పుడు నాకు సొంత షాపుంది, జనం ఇలాంటి బండ్లు తెచ్చి లోపల సీట్లు కుట్టించుకుంటున్నారు. కరెంటు సంగతి అడిగితే షడ్డకుడి దగ్గరికి పంపుతాను. ఆ కర్టెన్ లాగి అరిచిన కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. ఇప్పటికీ ఇంట్లో కరెంటు పోతే ముందు గడప దాకా పోయేది నేనే అనుకోండి.

ఆ రాత్రి కట్ట నుంచి తిరిగొస్తూ గజ్వేల్ దాటాం. చివరికి నేనే ఉండబట్టలేక, "ఆయనదేమో ఒక్క బ్యాటరీ, నావి మూడు. ఆయనది గంతసేపు ఎట్ల వెలిగింది? నాది ఎట్ల ఒడిసింది?" అన్నాను.

మా ఆవిడ కిటికీలోంచి చూపు తిప్పకుండానే అంది: "మా బావ తన బండిల బ్యాటరీ పెట్టుకున్నడు. నువ్వు నీ బండిల మా బావను పెట్టుకున్నవ్. పొద్దు మాపు ఆయనే గుంజుతుంటే ఏ బ్యాటరీ ఆగుతదయ్యా?"