టీచర్ ఆంటీ ఇంట్లో జూన్‌టీన్త్

టీచర్ ఆంటీ పోయారని మంగళవారం వాట్సాప్‌లో వచ్చింది. ఆఫీస్ పార్కింగ్‌లో కార్‌లోనే కూర్చుని ఏడ్చాను. మర్నాడు వాళ్లింటికి వెళ్లొచ్చాక ఏడుపు ఆగిపోయింది. ఇప్పుడున్నదల్లా కోపమే. సంతాప సభలో మాట్లాడమని ఆంటీ కోడలు అడిగితే నా వల్ల కాదన్నాను. అయినా ఇక్కడ రాస్తున్నాను. ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలగడం ఆవిడ చలవే మరి.

అమెరికాలో మేముండే ఊరు అల్ఫారెట్టాలో వాళ్లింటి బేస్‌మెంట్‌లో ఆదివారాలు మాకు తెలుగు క్లాస్. బుగ్గన లవంగం పెట్టుకుని పాఠం చెప్పేవారు. తప్పు చదివితే తిట్టేవారు కాదు. "మళ్లీ చదువు నాన్నా, రైలేం వెళ్లిపోవట్లేదు" అనేవారు. వానలో తడిసొస్తే మా సాక్సులు డ్రయర్‌లో వేయించి వెచ్చగా చేతికిప్పించేవారు. వేసేది అక్క. ఆంటీ ఊరి నుంచి తెచ్చుకున్న మనిషి, ఎప్పుడూ వంటింట్లోనే ఉండేది. "పనిమనిషి అనకండర్రా, మా ఇంట్లో మనిషి" అనేవారు ఆంటీ. ఎంత గొప్ప మనసో అనుకునేదాన్ని.

జూన్ పంతొమ్మిదిన వచ్చే జూన్‌టీన్త్‌కి ప్రభుత్వం సెలవు ఇవ్వకముందు నుంచే ఆ రోజు మమ్మల్నందరినీ పిలిచేవారు. బానిసత్వం రద్దయిన సంగతి టెక్సస్‌లో బానిసలకి రెండున్నరేళ్లు ఆలస్యంగా తెలిసిందని చెబుతూ ఆవిడ బల్ల గుద్దేవారు. "యజమానులకి తెలుసర్రా! తెలిసీ చెప్పలేదు. పంట ఇంటికి రావాలిగా!" అనేవారు. ఆ రోజు ఎర్రటివి తాగడం ఆనవాయితీ కాబట్టి అందరికీ పుచ్చకాయ జ్యూస్. కాయలు కోసి, గింజలు తీసి, జ్యూస్ పట్టేదీ అక్కే.

ఒకసారి మా నాన్న "మనకెందుకు మేడమ్ ఇవన్నీ?" అన్నారు. "మీరీ వీధిలో ఇల్లు కొనుక్కున్నారంటే, ఏ నల్లవాళ్లు పోరాడి దెబ్బలు తింటే వచ్చిందండీ ఆ హక్కు?" అని ఆంటీ అందరి ముందూ కడిగేశారు. నాన్న ప్లేటు పట్టుకుని పక్కకెళ్లిపోయారు. నాకు మాత్రం ఆవిడ కాళ్లకి దండం పెట్టాలనిపించింది.

బుధవారం వెళ్లేసరికి హాల్ నిండా జనం. వంటింట్లో అక్క ఒక్కతే టీ పెడుతోంది.

"ఇక ఊరెళ్లిపోతావా అక్కా?" అనడిగాను.

"ఎలాగమ్మా? పాస్‌పోర్ట్ అమ్మగారు లాకర్‌లో పెట్టేశారు. ఎప్పుడడిగినా, ఇప్పుడేం తొందరే అనేవారు." గొంతు తగ్గించింది. "ఒక్కదాన్నే గడప దాటితే పోలీసులు జైల్లో వేస్తారంటగా. మా అమ్మ చచ్చిపోయినప్పుడూ అదే చెప్పి ఆపేశారు. నిజమేనా అమ్మా?"

నా ఒళ్లు మండిపోయింది. మాకు ఆ పాఠం చెప్పిన నోటితోనే అక్కకి ఈ మాట చెప్పారా ఆంటీ? మీ పాఠాలు నన్ను మనిషిని చేశాయి, కాదనను. కానీ నన్ను నిలువునా మోసం చేశారు. అక్కకి చేసిందాన్ని మోసం అంటే కూడా చిన్న మాటే అవుతుంది.

"అబద్ధం అక్కా," అన్నాను. "గడప దాటినందుకు ఎవరూ జైల్లో వేయరు. నీ పాస్‌పోర్ట్ దాచిపెట్టి పని చేయించుకోవడమే ఇక్కడ నేరం. నాకు తెలిసిన లాయర్ ఉంది, నేనే తీసుకెళ్తాను."

అక్క నావైపు తిరిగింది. స్టవ్ కట్టేసింది.

"ఎప్పట్నుంచమ్మా అది నేరం?"

"మొదట్నుంచీ."

కుర్చీ లాక్కుని కూర్చుంది. హాల్లోంచి ఎవరో "టీ ఏమైందమ్మా?" అని కేకేశారు. అక్క లేవలేదు.