ఏడింటి రింగు

ఈ ఉదయం కారుకి తగిలించిన కరెంటు తీగ ఊడదీయబోతే అది కర్రలా బిగుసుకుపోయి ఉంది. నారింజ రంగు తీగ. మైనస్ నలభై దగ్గర మామూలు తీగలు వంచితే పుటుక్కున విరుగుతాయి. ఇది విరగదు. అలిగిన పెద్దమనిషిలా వంగనని మొరాయిస్తుంది, అంతే. రెండు జతల గ్లౌజుల్లోంచి కూడా వేళ్ళకి తగిలే ఆ మొండితనం నాకు బాగా తెలిసిన ఒక మనిషిది. ఆవిడ గురించి చెప్పాలంటే ముందు నా తెలివితక్కువతనం గురించి చెప్పుకోవాలి. రెండిట్లో ఏది మొదలుపెట్టినా రెండోది దానంతట అదే వచ్చేస్తుంది.

ఫెయిర్‌బ్యాంక్స్ అనే ఈ ఊరు అలాస్కా నడిమధ్యన ఉంది. ఊరు దాటితే చెట్లు, చెట్లు దాటితే మళ్ళీ చెట్లు. కాస్త పెద్ద ఊరు చూడాలంటే ఆరు గంటలు డ్రైవ్ చెయ్యాలి. నేను అట్లాంటా పక్కన అల్ఫారెట్టాలో ఉద్యోగం పోగొట్టుకుని, వీసా కోసం అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం వెతుక్కుంటున్నప్పుడు ఇక్కడి ఒక ఆసుపత్రి కంప్యూటర్ విభాగం వాళ్ళు ఫోన్లో అడిగారు, చలి తట్టుకోగలవా అని. మాది రామగుండం. ఎండాకాలం నలభై దాటితే గాని ఎండ అనం. చలంటే ప్రాణం అన్నాను. ఇక్కడా నలభయ్యే, కాకపోతే ముందు ఒక గీత ఉంటుంది. మా ఊరికీ ఈ ఊరికీ తేడా ఆ ఒక్క గీతే. అది నా నుదుటి మీద కూడా ఉందని అప్పటికి తెలియదు.

వచ్చిన మొదటి వారం ఆసుపత్రి పార్కింగ్‌లో చూస్తే ప్రతి కారు ముందు భాగంలోంచీ ఒక ప్లగ్ వేలాడుతోంది. వరసగా కరెంటు స్తంభాలు, వాటికి తగిలించిన కార్లు. నేను అక్కడే నిలబడి అల్ఫారెట్టాలో ఉన్న స్నేహితుడికి ఫోన్ చేశాను. "అరేయ్, మనం అట్లాంటా అట్లాంటా అని ఎగిరినం గని, ఈడ చూడు, ఊరంత ఎలక్ట్రిక్ కార్లేరా! నేను మొన్న కొన్న డొక్కు కారుకు సుత ప్లగ్ ఉన్నది. అమ్మినోడు పెట్రోల్ కారని మోసం చేసిండు!" అలా అంటూ, గదిలోంచి తెచ్చిన బెడ్‌ల్యాంపు ఎక్స్‌టెన్షన్ తీగని నా కారుకి తగిలిస్తున్నాను.

వెనకనుంచి నవ్వు వినిపించింది. తరవాత తెలుగు.

"నాయనా, అది కారు నడవడానికి కాదు. ఇంజిన్ గడ్డకట్టకుండా వెచ్చబెట్టే హీటరు. పెట్రోలు మాత్రం పోయించుకో."

తలదాకా బొచ్చు కోటు, మోకాళ్ళదాకా బూట్లు, మధ్యలో కళ్ళజోడు. కళ్ళజోడు మీద మంచు పేరుకుని ఉంది. లోపల ఎవరున్నారో తెలియలేదు గాని, భాష మాత్రం అచ్చం బాపట్ల.

అలా పరిచయమయ్యారు సరోజిని గారు. ఆ ఆసుపత్రి ల్యాబ్‌లోనే ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. భర్త పోయి ఎనిమిదేళ్ళు. ఊరి బయట కొండ మీద ఇంట్లో ఒక్కరే ఉండేవారు. మర్నాడే ఈ నారింజ తీగ తెచ్చి నా చేతిలో పెట్టారు. "ఇది చలికి తట్టుకుంటుంది. నువ్వెలాగో చూడాలి" అన్నారు. థాంక్స్ ఆంటీ అన్నాను. "ఆ మాట నాకొద్దు. ఈ ఊళ్ళో యాంటీ అనేది ఫ్రీజ్ ముందే బాగుంటుంది, ఇంజిన్‌లో పోసే యాంటీఫ్రీజ్‌లో. పిన్నీ అను." మా వైపు చిన్నమ్మ అంటామన్నాను. ఒక్క క్షణం ఆలోచించి, "సరే, అదే అను. చిన్నదాన్నయినట్టు ఉంటుంది" అన్నారు. అప్పటికి ఆవిడకి డెబ్బై.

చిన్నమ్మ నాకు ఈ ఊరు నేర్పారు. ఎండలేని మధ్యాహ్నాల్లో ఎలా బతకాలో, ఊపిరి ముక్కులోనే ఎందుకు గుచ్చుకుంటుందో, తడి చేత్తో తలుపు గొళ్ళెం ఎందుకు ముట్టుకోకూడదో. మైనస్ నలభై దగ్గర ఫారిన్‌హీట్, సెల్సియస్ రెండూ ఒకటే అంకె చూపిస్తాయని కూడా ఆవిడే చెప్పారు. "అమెరికా, ఇండియా ఒక్కమాట మీద నిలబడేది అక్కడొక్కచోటే" అనేవారు. ఓసారి ఇద్దరం సరుకులు తెచ్చుకుని వస్తుంటే రోడ్డు పక్కన ఒక కారు ఆగి ఉంది. లైట్లు వెలుగుతున్నాయి, మనిషి ఫోన్ మాట్లాడుకుంటున్నాడు. నేను దాటించేశాను.

"ఆపు. వెనక్కి పోనీ."

"ఆయనకేం కాలేదు చిన్నమ్మా, ఫోన్‌ల మాట్లాడుతుండు."

"నీకెలా తెలుసు? దిగి అడిగావా?"

దిగి అడిగాను. ఆయన బాగానే ఉన్నానని చెయ్యి ఊపాడు. తిరిగొచ్చేలోపు నా కనురెప్పలు అతుక్కున్నాయి. "చూసిన్రా, ఏం కాలేదు" అన్నాను గెలిచినట్టు. "ఏమీ కాలేదని తెలుసుకోవడానికే అడిగేది" అన్నారు, ఒళ్ళోని ఉల్లిపాయల సంచీ సర్దుకుంటూ. ఈ ఊళ్ళో చలికాలం ఎవరూ ఎవరినీ అడక్కుండా దాటిపోరు. అది చట్టం కాదు. అంతకంటే గట్టిది.

మా ఇద్దరి మధ్య చట్టం ఇంకొకటి ఉండేది. రోజూ ఉదయం ఏడింటికి నేను ఆవిడకి ఒక రింగు ఇచ్చి పెట్టెయ్యాలి. ఏడూ అయిదుకి ఆవిడ నాకు. ఎవరూ ఎత్తకూడదు. రింగు వస్తే మనిషి లేచాడు, ఇంట్లో హీటరు పనిచేస్తోంది అని అర్థం. రాకపోతే రెండోవాళ్ళు బయల్దేరి వచ్చెయ్యాలి. మన దేశంలో కాలేజీ పిల్లలు కూడా మరిచిపోయిన మిస్డ్ కాల్‌ని చిన్నమ్మ ఉత్తర ధ్రువం పక్కన పెంచి పోషిస్తున్నారన్నమాట. ఫోన్లు ఫ్రీ కదా, ఎత్తి రెండు ముక్కలు మాట్లాడుకోవచ్చు కదా అని అడిగితే, "పొద్దున్నే నీ గొంతు వింటే నిద్ర మొహం కనిపిస్తుంది. రింగు చాలు" అన్నారు. రెండేళ్ళలో ఒక్కసారి కూడా నేను ఎత్తేదాకా మోగనివ్వలేదు. వేలు అంత చురుకు.

మొదటి చలికాలం బుద్ధిగా చేశాను. రెండోదానికి బద్ధకం వచ్చింది. శనాదివారాలు ఏడింటికి లేవడమేమిటి? బయట పదిన్నరదాకా చీకటే కదా. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. చేత్తో రోజూ చేసే పని కనిపిస్తే మాకు చేతులు దురదపెడతాయి. పదిహేను లైన్ల ప్రోగ్రాం రాశాను. రోజూ ఏడింటికి నా నంబరుతో చిన్నమ్మకి అదే ఫోన్ చేస్తుంది, ఒక రింగు అయ్యాక అదే పెట్టేస్తుంది. నేను ఎనిమిదిన్నరకి లేస్తాను. ఆవిడ రింగు నిద్ర పాడుచెయ్యకుండా నా ఫోన్ సైలెంట్‌లో పెట్టుకున్నాను. ఎప్పుడో సాయంత్రం చూసుకుంటే ఏడూ అయిదుకి ఆవిడ మిస్డ్ కాల్ ఉండేది. ఉంటుందని తెలుసు కాబట్టి, కొన్నాళ్ళకి చూసుకోవడం కూడా మానేశాను.

జనవరిలో ఒకరోజు మధ్యాహ్నం రెండున్నరకి ఆఫీస్‌లో ఉండగా చిన్నమ్మ నంబరు నుంచి ఫోన్ మోగుతూనే ఉంది. ఆవిడ ఎప్పుడూ అంతసేపు మోగనివ్వరు. ఎత్తాను. మగ గొంతు. డేవ్ అని, ఇళ్ళకి హీటర్ల ఆయిల్ పోసే మనిషి. ట్యాంకు నింపడానికి వెళితే చిన్నమ్మ కిందపడి ఉన్నారట. అంబులెన్స్ వచ్చిందట. "ఈవిడ ఫోన్లో చూశాను. రోజూ ఉదయం ఏడింటికి ఫోన్ చేసేది నువ్వొక్కడివే. దగ్గరివాడివే అయ్యుంటావని నీకు చేస్తున్నా" అన్నాడు.

ఇక్కడి ఇళ్ళకి రెండు తలుపులుంటాయి. బయటి తలుపుకీ లోపలి తలుపుకీ మధ్య చలి ఆపడానికి చిన్న గది. అందులో హీటరు ఉండదు. బూట్లు తెచ్చుకుందామని ఆరున్నరకి లోపలి తలుపు తీసి ఆ గదిలో అడుగుపెట్టి జారారు. తుంటి ఎముక విరిగింది. లోపలి తలుపు తెరిచే ఉండబట్టి వంటింటి వెచ్చదనం కాస్త తగిలి బతికారు. ఎడమచేతి రెండు వేళ్ళు మాత్రం నల్లబడిపోయాయి.

నేను పనిచేసే కంప్యూటర్ గది నుంచి ఎమర్జెన్సీకి రెండు నిమిషాల నడక. ఆ రెండు నిమిషాల్లో ఒకసారి ఆగి ఫోన్‌లో నా ప్రోగ్రాం చూసుకున్నాను. ఆరోజు ఏడింటి ఎదురుగా 'సక్సెస్' అని ఉంది.

చిన్నమ్మ మంచం మీద ఇంకా చిన్నగా కనిపించారు. నన్ను చూడగానే, "వచ్చావా" అన్నారు. నిష్ఠూరం కాదు. నిజంగానే వచ్చానా అని అడిగారు.

"ఏడింటికి నీ రింగు వినపడింది రా. ఫోను వంటింటి బల్ల మీద ఉండిపోయింది. సరే, నా రింగు రాలేదని చూసుకుని వచ్చేస్తావనుకున్నా. ఇరవై నిమిషాలు లెక్కపెట్టాను. రోడ్డు బాలేదేమోనని ఇంకో ఇరవై. ఆ తరవాత లెక్క తప్పింది."

"ఫోన్ సైలెంట్‌ల ఉండె చిన్నమ్మా" అన్నాను. అది నిజమే. నిజంలోంచి నాకు పనికొచ్చే ముక్క మాత్రం విరిచి ఇచ్చాను.

ఆవిడ కట్టు లేని చేత్తో నా చెయ్యి తట్టారు. "పోన్లే. నువ్వు మాత్రం ఒక్కరోజు కూడా తప్పలేదు." ఆ మెచ్చుకోలుని కాదనలేక తల దించుకున్నాను. వినయం అనుకుని ఉంటారని సరిపెట్టుకున్నాను. ఆ సాయంత్రమే పదిహేను లైన్లూ తుడిచేశాను.

డాలస్ పక్కనున్న ఫ్రిస్కో నుంచి వాళ్ళమ్మాయి శైలజ వచ్చి, ఫిబ్రవరిలో తీసుకెళ్ళిపోయింది. విమానాశ్రయంలో చక్రాల కుర్చీలో కూర్చుని చిన్నమ్మ అన్న చివరి మాట, "ఇక్కడి ఏడంటే అక్కడ పది. నాకు లెక్క వచ్చులే." అన్నట్టే వెళ్ళిన మర్నాటి నుంచి మా రింగులు మళ్ళీ మొదలయ్యాయి. ఫ్రిస్కోలో ఆవిడ గడ్డకట్టుకుపోయే ప్రమాదం లేదు. ఇక్కడ నేనున్నాను. ఎండాకాలం కూడా ఆపలేదు. ఇప్పుడు నా వేలితోనే చేసేవాణ్ణి. అలారం పెట్టుకుని, కళ్ళు నులుముకుంటూ. ఏడూ అయిదుకి ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చునేవాణ్ణి.

ఆవిడ వెళ్ళిన మరుసటి ఏడాది మార్చిలో ఒకరోజు ఏడూ అయిదు దాటిపోయింది. ఏడున్నర. ఎనిమిది. రింగు రాకపోతే రెండోవాళ్ళు బయల్దేరి వచ్చెయ్యాలి. అది చట్టం. నేను బూట్లు వేసుకుని, కోటు వేసుకుని, కారు ప్లగ్ తీసి, ఇంజిన్ స్టార్ట్ చేసి కూర్చున్నాను. అక్కడినుంచి ఫ్రిస్కో ఎటువైపో కూడా నాకు తెలియదు. తొమ్మిదింటికి శైలజ ఫోన్ చేసింది. అమ్మ నిద్రలోనే పోయారని చెప్పింది.

ఆ తరవాత చాలామంది అడిగారు, ఇంక అక్కడెందుకు, డాలస్‌కో షామ్‌బర్గ్‌కో వచ్చెయ్యరాదా అని. నిజమే, నాకు ఇంకా చలి అలవాటు కాలేదు. కానీ ఆయిల్ డేవ్ కూడా ఒక్కడే ఉంటాడు. అతనితో ఒప్పందం చేసుకున్నాను, ఏడింటికి నేను, ఏడూ అయిదుకి అతను. మిస్డ్ కాల్ అంటే ఏమిటో అతనికి అర్థం కావడానికి మూడు వారాలు పట్టింది. రోజూ ఎత్తి "హలో, ఏమైంది?" అనేవాడు. ఏమీ కాలేదు, అది చెప్పడానికే చేశాను అనేవాణ్ణి. అన్నాక ఆ మాట ఎవరిదో గుర్తొచ్చేది.

ఒక్కటి మిగిలింది. చిన్నమ్మ పోవడానికి మూడు నెలల ముందు, డిసెంబరులో, నేనొక కక్ష తీర్చుకున్నాను. ఇన్నాళ్ళూ నాకందకుండా రింగు కోసేసిన ఆ వేలి మీద. ఏడూ నాలుగు నుంచే బొటనవేలు తెర మీద పెట్టుకుని కాచుక్కూర్చుని, మొదటి రింగు సగంలో ఉండగా ఎత్తేశాను.

"అయ్యో! ఎత్తావేంట్రా!"

"చెయ్యి జారింది చిన్నమ్మా."

"జారిందా, జార్చావా? ఎత్తకూడదనేగా రూలు! ఎంత ఉందక్కడ?"

"మైనస్ నలభై. అక్కడ?"

"ఇక్కడా నలభయ్యే, ప్లస్సు, ఫారిన్‌హీట్‌లో. దానికే వీళ్ళు స్వెట్టర్లేసుకుని వణికిపోతున్నారు. చూస్తే నవ్వొస్తోంది. సరే పెట్టెయ్."

"చిన్నమ్మా, ఒక మాట. అప్పట్ల నేను ఫోన్ చెయ్యలే. ప్రోగ్రాం రాసిన. అదే చేసేది. నేను పండుకునేది."

"తెలుసు."

"ఎట్ల తెలుసు?"

"ముప్ఫై ఏళ్ళు ల్యాబ్‌లో చేశానురా. రీడింగులన్నీ ఒకేలా వస్తున్నాయంటే మిషన్ని అనుమానించాలి. రోజూ సరిగ్గా ఏడు, రోజూ ఒకటే రింగు. మనిషైతే ఓ నిమిషం అటూ ఇటూ అవుతాడు. ఇప్పుడు చూడు, ఏడుకి రెండు తక్కువ, ఏడూ మూడు... చక్కగా తప్పుతున్నావు."

"మరి అప్పుడే అడగలేదేంది?"

"అడిగితే సిగ్గుపడి అదీ మానేస్తావని."

"పడ్డరోజు గూడ తెలుసు గద. మిషనే మోగిందని తెలిసి కూడ, నేనొస్తనని నలభై నిమిషాలు ఎట్ల లెక్కపెట్టిన్రు?"

"మోగింది మిషనే. వచ్చేది మనిషే కదా అనుకున్నా. సర్లే, వచ్చావుగా. ఇంక పెట్టెయ్, కారు గడ్డకట్టుకుపోతుంది" అన్నారు.

"ప్లగ్ పెట్టే ఉన్నది చిన్నమ్మా. మీ తీగతోనే" అన్నాను. ఆవిడ పెట్టెయ్ పెట్టెయ్ అంటున్నా వినకుండా, ఆరోజు ఆఫీస్‌కి ఆలస్యమయ్యేదాకా ఆవిడ చేత మాట్లాడించాను.