షీటుకు అటు చివర

రాజమండ్రిలో మా ఆసుపత్రి ఆటోక్లేవ్ గదికి కిటికీ లేదు. ఆపరేషన్ థియేటర్‌కు వెళ్లే గుడ్డలూ పనిముట్లూ ముందు ఇక్కడి ఆవిరిలో ఉడకాలి. కత్తెరలు తెరిచి పెడతాను. స్టీలు గిన్నెలను నీళ్లు నిలవకుండా పక్కకు వాల్చి కింది అరలో సర్దుతాను. గుడ్డల మూటలను పై అరలో, మధ్య మధ్య చెయ్యి దూరేంత సందు వదిలి నిలబెడతాను.

ఇదంతా నాకు నేర్పింది మండపేట నుంచి రోజూ బస్సులో వచ్చే అక్క. నేను తొందరపడితే, "అలా కుక్కెయ్యకే అమ్మాయ్, ఆవిరికి దారుండాలా వద్దా?" అని కసిరేది.

మోకాళ్లు అరిగిపోయి అక్క పని మానేసింది. ఇంకో మనిషిని ఇవ్వమని అడిగితే మేనేజరు గారు, "పనంతా మెషినే చేస్తుంది కదండీ, ఇద్దరెందుకండీ?" అన్నారు. మెషిన్ ఆవిరి పెడుతుంది, నిజమే. షీట్లు మడత పెడుతుందా?

థియేటర్ షీటు ఒక్క మనిషి చేతులకు అందేది కాదు. చెరో చివర పట్టుకుని, గట్టిగా లాగి, ఎదురెదురుగా నడిచి వచ్చేవాళ్లం. నా చేతిలో అంచులు అక్క చేతికిచ్చి, కింది మడత అందుకోవడానికి వంగేదాన్ని. ఆ కాస్త నడకలోనే మా కబుర్లన్నీ అయిపోయేవి.

ఇప్పుడు అటు చివరను బల్ల సొరుగులో పెట్టి మూస్తున్నాను. ఇటు చివర పట్టుకుని సొరుగు దాకా నడుస్తాను. అక్కడికి వెళ్లాక అలవాటుగా చేతులు చాపి, అంచులు ఎవరో అందుకుంటారన్నట్టు కాసేపు అలాగే నిలబడిపోతాను.