త్రాసు పిల్ల, తాతయ్య బన్ను

బయోకెమిస్ట్రీ పేపరు మూడోసారికి గట్టెక్కిన రోజున ఆ పిల్ల వీధంతా చాక్లెట్లు పంచింది. పంచేముందు ఒక్కోదాన్నీ తూచింది. అదీ ఆమె గుణం, తూచనిదే దేన్నీ నమ్మదు. అసలు పేరు సర్టిఫికెట్లలోనే మిగిలిపోయి, అందరికీ ఆమె ‘త్రాసు’ అయిపోయింది.

చదివేది పోషకాహారంలో డిగ్రీ. సంచిలో పుస్తకం లేకపోయినా అరచేతంత త్రాసు మాత్రం ఉండాల్సిందే. ఒకసారి చుట్టాలింట్లో కంచంలోని అన్నం తూచి, వడ్డించిన అత్తకేసి జాలిగా చూసింది.

“మూడు వందల గ్రాములు పెట్టావత్తా. నామీద ప్రేమా, పగా?”

తాతయ్యకు మాత్రం మనవరాలంటే కొండంత గర్వం. ఊరిబడిలో అయిదు దాకా చదివి, నలభై ఏళ్ళు కుట్టుమిషను తొక్కినవాడు, కొలత విలువ తెలిసినవాడు. సెలూన్లో సగం గడ్డంతో కూర్చుని కూడా ఆమె ఘనకార్యాలు ఏకరువు పెట్టేవాడు. బయోకెమిస్ట్రీ పాసు, వంట ప్రాక్టికల్లో రెండో స్థానం, కాలేజీ క్యాంటీను అన్నంలో నలభై గ్రాములు కొట్టేస్తున్నారని పట్టుకోవడం. మూడుసార్లు రాసిన సంగతి సెలూను ఆయన గుర్తుచేస్తే, “మూడుసార్లు చదివిందంటే మూడింతలు వచ్చినట్టే కదయ్యా” అనేవాడు.

మూడో ఏడాది చివర ఆమెకో పని అప్పగించారు. ఒక మనిషి ముప్ఫై రోజులు తిన్నదంతా తూచి నోటుబుక్కులో రాయాలి. అది నెగ్గితేనే పెద్దాసుపత్రిలో ఆరు నెలల శిక్షణకు సీటు. ఒంట్లో చక్కెర పెరిగిందని డాక్టరు హెచ్చరించిన తాతయ్యే ఆ మనిషి. ఇంతమందిలో తననే ఎంచుకుందని ఆయన దాన్నీ ఘనకార్యాల పట్టికలో కలిపేశాడు.

ఇంట్లో ఆయనంత బుద్ధిమంతుడు లేడు. పెట్టినంతే తిని, కంచం తానే త్రాసు మీద పెట్టేవాడు. సాయంత్రం నడకకని బయల్దేరి, బేకరీ వెనక నిలబడి, తీపి బన్నొకటి నాలుగు ముక్కల్లో లాగించి, మీసం తుడుచుకుని తిరిగొచ్చేవాడు. గుమ్మంలో మనవరాలు బరువు చూసే మిషనుతో కాచుకుని ఉండేది.

“నడిస్తే ఎవరైనా తగ్గుతారు తాతయ్యా. నడిచొచ్చి పెరిగే మనిషిని నిన్నే చూస్తున్నా.”

“చల్లగాలి పీల్చానే, అదై ఉంటుంది.”

“వంద గ్రాముల గాలా?” అని ఏదో రాసుకునేది.

దానికితోడు ఆ బన్నుకేదో తెగులు పట్టింది. రోజురోజుకీ చప్పబడిపోతోంది. చక్కెరకు కరువొచ్చిందా అని తాతయ్య నిలదీస్తే, బేకరీ ఆయన పొయ్యికేసి చూస్తూ పిండి మారిందనేవాడు.

నోటుబుక్కులు దిద్దే రోజు రానే వచ్చింది. తాతయ్య జిహ్వచాపల్యానికి లెక్క తప్పి పిల్ల సీటు పోయేలా ఉంది. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కాలేజీకి వెళ్ళి, లెక్చరరమ్మ ముందు చేతులు కట్టుకుని, ముప్ఫై బన్నులూ ఒప్పేసుకున్నాడు. తప్పు తన నాలుకదే తప్ప పిల్ల త్రాసుది కాదన్నాడు.

ఆవిడ నోటుబుక్కు ఆయనవైపు తిప్పింది. మొదటి రోజు నుంచే ఉంది: ‘సాయంత్రం, బేకరీ వెనక, బన్ను ఒకటి, ఎనభై గ్రాములు.’ అయిదో రోజు: ‘బేకరీ ఆయనతో మాట్లాడి చక్కెర పావు వంతు తగ్గించా.’ పన్నెండో రోజు: ‘సగానికి దించా. తాతయ్య గొణిగాడు, తిన్నాడు.’ చివరి పేజీలో ఇంకో మాట: ‘బన్ను మాన్పించలేదు. రోజు మొత్తంలో తూకం లేకుండా ఆయన తింటున్నాననుకునేది అదొక్కటే.’

“మిగతా నోటుబుక్కుల్లో అందరూ రుషులేనండీ. మనిషి కనిపించింది ఇందులోనే. సీటు ఇచ్చేశాం” అందావిడ.

తాతయ్య ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చి, ఏమీ ఎరగనట్టు నడకకు వెళ్ళాడు. సెలూను పట్టికలో ఆసుపత్రి సీటు చేరింది గానీ బన్ను ఊసు చేరలేదు.

పిల్ల శిక్షణకు వెళ్ళిన మర్నాడే ఆయన బేకరీకి చేరాడు.

“ఇప్పుడు పిల్ల లేదుగా, పాత బన్ను ఇవ్వవయ్యా.”

బేకరీ ఆయన గోడకంటించిన కాగితం చూపించాడు. మనవరాలి రాత. రోజూ సగం చక్కెర బన్నే ఇవ్వాలట. పూర్తి తీపి బన్ను మాత్రం ఒకే ఒక్కటి, తాతకూ మనవరాలికీ చెరి సగం, ఆమె తిరిగొచ్చే రోజున: ఆగస్టు పందొమ్మిది, బుధవారం.