నరంలో సున్నపు పలుకులు

ఊళ్లో సగం మందికి కారు నడపడం నేర్పింది ఆవిడే. పక్క సీట్లో కూర్చుని, నేర్చుకునేవాడు లారీకి ఎదురెళ్తున్నా గొంతు పెంచకుండా "బాబూ, మనం ఇంటికెళ్లాలి కదా" అనేది. అంత నిబ్బరం గల మనిషి, కళ్లజోడు మార్చుకుందామని దుకాణానికి వెళ్లి బిక్కమొహంతో తిరిగొచ్చింది. కంటి వెనక నరం వాచినట్టుంది, తలలో ఒత్తిడి పెరిగితే అలా అవుతుంది, ఇవాళే ఆసుపత్రికి వెళ్లండి అన్నారట అక్కడ కళ్లు పరీక్షించినవాళ్లు.

గడియారాలు బాగుచేసే వాళ్లన్నయ్య ఉన్నపళంగా కొట్టు మూసి వచ్చాడు. "ఏం కాదే, నేనున్నాగా" అంటూనే కంగారులో టాక్సీ అనుకుని పోలీసు జీపుకి చెయ్యెత్తాడు.

డాక్టరమ్మ కంట్లో చుక్కలు వేసి చూసింది. తలనొప్పి, వాంతులు, కళ్లు చీకట్లు కమ్మడం ఉన్నాయా అని అడిగింది. ఏవీ లేవు. మూసిన రెప్పల మీద చల్లటి జెల్ రాసి స్కానింగ్ చేసింది. తెర మీద నరం మొదట్లో ఒక తెల్లటి చుక్క మెరిసింది. డాక్టరమ్మ మీట తిప్పి వెలుగు తగ్గిస్తే బొమ్మంతా చీకటైంది కానీ ఆ చుక్క మాత్రం ఆరలేదు.

"ఇది వాపు కాదమ్మా. సున్నపు పలుకుల్లాంటివి లోపల పేరుకుని నరాన్ని పైకి ఎత్తుతున్నాయి, అందుకే ఉబ్బినట్టుంది. నిజంగా వాస్తే అక్కడి రక్తనాళాలు మసకబారతాయి. మీవి తేటగా ఉన్నాయి."

"అంటే నా తలలో ఏమీ లేదా?"

"మొదట్నుంచీ లేదు డాక్టరుగారూ" అన్నాడు అన్నయ్య. అంటూనే మొహం తిప్పుకుని కళ్లు ఒత్తుకున్నాడు.

డాక్టరమ్మ నవ్వింది. "ఇవి ఒకే ఇంట్లో చాలామందికి ఉంటాయి. మీరూ కూర్చోండి."

చూస్తే అన్నయ్య కళ్లలోనూ అవే పలుకులు! నిన్ను చెత్తకుండీ దగ్గర ఏరుకొచ్చారని చెల్లెల్ని చిన్నప్పట్నుంచీ ఏడిపించినవాడు తెరకేసి గుడ్లప్పగించాడు.

"చూశావా, నేనూ మనింటి పిల్లనే" అంది ఆవిడ, ఆ రోజు మొదటిసారి నవ్వుతూ. తర్వాత డాక్టరమ్మని అడిగింది, "కారు నడపొచ్చా?"

"నిక్షేపంగా. మందులేం అక్కర్లేదు. కొందరికి పోనుపోనూ పక్కచూపు తగ్గుతుంది, ఏడాదికోసారి చూపించుకోండి."

చుక్కల మందుకి ఇద్దరికీ ఎండ సూదుల్లా గుచ్చుకుంది. మెట్ల దగ్గర "నా చెయ్యి పట్టుకో" "నువ్వే పట్టుకో" అని కాసేపు పోట్లాడుకుని, ఆనక ఒకరినొకరు పట్టుకుని దిగారు.

ఏటా కలిసే వెళ్తున్నారు. ఆవిడ చూపు భేషుగ్గా ఉంది. అన్నయ్యకి ఎడమవైపు పక్కచూపు కొంచెం తగ్గింది. రోడ్డు మీద ఆ వైపు ఆవిడ నడుస్తుంది.