ఆరో కోణం

మా మేనత్తది మందస. ఏళ్ల తరబడి జీడిపిక్కలు కొట్టిన ఆమె వేళ్ల మీద సొన మరకలు ఇప్పటికీ పోలేదు. ఆ వేళ్లతోనే తెల్లదారం మాయకుండా లేసు అల్లుతుంది. చిన్నప్పుడు మిషన్ బంగ్లాలో నేర్చుకున్న పని అది. దిండు మీద చుక్కల అట్ట పరిచి, చుక్కచుక్కకీ గుండుసూది గుచ్చి, దారం చుట్టిన కర్ర కండెలను ఒకదాని మీదుగా ఒకటి దాటిస్తూ పోవాలి. చుక్కలు ఎలా ఉంటే లేసు అలా వస్తుంది.

వాళ్ల చర్చిని కొత్తగా కట్టినప్పుడు, ప్రతిష్ఠ ఆరాధన నాటికి ప్రభువు బల్ల మీదికి ఆరు కోణాల నక్షత్రం అల్లి ఇస్తానని అత్త మాటిచ్చింది. పాత అట్ట చెమ్మకు చివికిపోయింది.

"నువ్వు లెక్కల టీచరమ్మవి కదా, గీసిపెట్టు" అంది నాతో.

నేను పలాస హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఇదేం పెద్ద పని అనుకున్నాను. కోణమానినితో అరవై డిగ్రీల ముక్క ఒకటి గీసి, అందులో ఏటవాలు గళ్లు వేసి, గళ్ల మూలల్లో చుక్కలు పెట్టాను. ఆ ముక్కనే తిప్పుతూ ఆరుసార్లు అట్ట మీదికి ఎక్కించాను. ఆరోది పెట్టాక, దానికీ మొదటిదానికీ మధ్య చిటికెనవేలు పట్టేంత సందు మిగిలింది. ఎక్కడో ఒక డిగ్రీ తగ్గింది, అది ఆరింతలైంది. మళ్లీ గీయడానికి బద్ధకించి, ఆరో భాగంలో చుక్కలను కొంచెం కొంచెం ఎడంగా జరిపి సందు పూడ్చేశాను. అత్తకు చెప్పలేదు.

ఆ తర్వాత మందస వెళ్లిన ప్రతిసారీ ముందు దిండు వైపే చూసేదాన్ని. రెండు కోణాలు. మూడు. కండెల టకటక వింటూ మిగిలిన కోణాలు లెక్కపెట్టుకునేదాన్ని. నాలుగో కోణం నడుస్తున్న వారమే క్లాసులో, జవాబు ముందు చూసి లెక్కను దానికి తగ్గట్టు దిద్దిన పిల్లను నిలబెట్టి తిట్టాను. ఆ పిల్ల కళ్లలోకి చూడలేకపోయాను.

ప్రతిష్ఠకు పది రోజులుందనగా బడి నుంచి నేరుగా బస్సెక్కాను. అత్త అయిదో కోణం మొదలుపెడుతోంది.

"అత్తా, ఆపు."

"ఏటమ్మా?"

"ఆరో కోణం సరిగ్గా రాదు. నేను తప్పు గీశాను."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"గీసిన రోజే."

కండెలు ఆగిపోయాయి. అత్త ఆరో భాగం చుక్కల మీద వేలు పెట్టింది.

"ఆ కాడ సుక్కలు పలసగా అవుపిస్తంటే నా కళ్లు పోయాయనుకున్నాను. టీచరమ్మ గీసింది తప్పెలాగవుద్ది, నా సూపే తప్పనుకున్నాను. కళ్లాసుపత్రికి తీసుకెళ్లమని మీ మావకి సెప్పాను కూడా. వారం నుంచీ అన్నం సయించట్లేదు నాకు. నువ్వు నోట్లో ఏటెట్టుకున్నావు?"

"ఆ ఒక్క కోణం ఎవరికీ తెలియదులే అనుకున్నాను" అని గొణిగాను.

"అల్లీదానికి తెలదా?"

ప్రతి ముక్కా డిగ్రీ తక్కువే గనక అల్లిన నాలుగు కోణాలూ పనికిరావు. అత్త కత్తెర తీసి దారాలన్నీ తెంపేసింది. ఒక్కో కండె తెగి పడుతుంటే నేను ఏడుస్తూ కూర్చున్నాను. ఆమె ఏడవలేదు. ఓదార్చనూ లేదు. సూదులన్నీ పీకి డబ్బాలో వేసి, "గియ్యి. నా ముందల గియ్యి" అంది.

ఈసారి కోణమానిని ముట్టుకోలేదు. వృత్తలేఖినితో వృత్తం గీసి, అదే కొలతతో దాని అంచు మీద అడుగులు వేశాను. ఆరో అడుగు మొదటి చుక్క మీదే పడింది. అయినా అత్త నమ్మలేదు. దారం పెట్టి ఆరు భాగాలూ తనే కొలుచుకుంది.

ప్రతిష్ఠ ఆదివారం బల్ల మీద మామూలు తెల్లగుడ్డ పరిచారు. లేసు ఏదని పాస్టరమ్మగారు అడిగితే అత్త తల దించుకుంది. నేను లేచి, తప్పు నాదని అందరి ముందూ చెప్పాను. నా పక్కనున్నావిడ అత్త చెయ్యి పట్టుకుంది గానీ నా వైపు చూడలేదు.

నెల తర్వాత నక్షత్రం పూర్తయింది. బల్ల మీద పరిచిన రోజు, కోణాలను సరిచేస్తూ అత్త నన్ను పిలిచింది.

"ఇటు రా, ఆ సివర పట్టుకో. వంకర రానీకు."

రెండు చేతులతో పట్టుకున్నాను.