గడ్డకట్టిన నూనె, మార్తత్త కర్జికాయలు

ఈ తెల్లవారుజాము చలికి వంటింట్లో పామాయిల్ ప్యాకెట్టు తెల్లగా గడ్డకట్టింది. తీసుకెళ్లి ఎండ పడే పిట్టగోడ మీద పెట్టి, పక్కనే కూర్చున్నాను. లోపల టీవీలో బయటిదేశాల నూనె మీద సుంకం పెంచాలని ఒకరు, తగ్గించాలని ఒకరు గొంతులు చించుకుంటున్నారు. ఆ గొడవ నాకు కొత్తదేం కాదు. రాచర్ల దగ్గర మా పల్లెలో, మా వసారాలోనే చిన్నప్పుడు విన్నాను.

మాది మెట్ట. వాన కరుణిస్తే శనక్కాయ, లేకుంటే ఆకాశం వంక చూడడం. ఎండాకాలం చివర విత్తనానికి కాయలొలిచే రోజులొస్తే, కాయల మీద నీళ్లు చిలకరించిన మట్టివాసన, గుట్టలుగా పొట్టు, బొటనవేళ్లకు బొబ్బలు, ఆడవాళ్ల నవ్వులతో వసారా నిండిపోయేది. పిల్లలం గింజలు బొక్కకుండా అవ్వ మాచేత పాటలు పాడించేది. పాట ఆగిందంటే నోట్లో గింజ పడినట్టే. అందరికన్నా వేగం, ఊరి చివర నుంచి కూలికొచ్చే మార్తత్తది. ఒలుపుకూలి కింద ఇచ్చిన గింజలను ఆమె గిద్దలూరు గానుగలో ఆడించుకునేది. ఆ చిన్న డబ్బా నూనె ఏడాదంతా రావాలి కాబట్టి, వాళ్లింట్లో తిరగమోతే తప్ప నూనెలో కాల్చిన పిండివంట ఎరగరు.

ఒక చలికాలం రేషన్‌లో బయటిదేశపు నూనె ప్యాకెట్లు వచ్చాయి. తెల్లారేసరికి అవి గడ్డకట్టడం చూసి, అందులో పశువుల కొవ్వు కలిపారని ఊరంతా నమ్మింది. అవ్వ ఆ ప్యాకెట్టును గడప తొక్కనివ్వలేదు. ఆమె అసలు బెంగ వేరు.

"వాళ్ల దేశంలో ఆ నూనె సులువుగా పండుతదంట మా. ఎవురికి ఏది బాగా పండితే అది పండించి మార్చుకుంటే అందరికీ మేలంట" అన్నాడు నాయన, పేపరు మడుస్తూ.

"మార్చుకునేదానికి మన గులకనేలలో ఇంకేం పండుతదిరా? ఈ శెనిక్కాయ కూడా పోతే ఏం చేసుకోని బతకాల?" అంది అవ్వ. నాయన మడిచిన పేపరు మళ్లీ విప్పాడు.

ఆ ఏడు క్రిస్మస్‌కు మార్తత్త వచ్చింది. ఏటా అరటిపండ్లే తెచ్చేది. వాళ్లింట్లో వండినది మా ఇంట్లో తినరు, అదొక కులం పట్టింపు. ఈసారి గిన్నె నిండా కర్జికాయలు తెచ్చింది.

"ప్యాకెట్టు ఎండలో పెట్టి కరిగించినా పెద్దమ్మా. పెండ్లయి వచ్చినప్పట్నుంచి మా ఇంట్లో బాణలి నిండా నూనె పోసింది ఇప్పుడే. పిల్లోళ్లు కడుపునిండా తిన్నారు" అంది. ఆ ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

అవ్వ ఎంతసేపు ఆ గిన్నెనే చూసిందో! మార్తత్త గిన్నెను వెనక్కి తీసుకోబోయింది. చివరికి అవ్వ ఒకటి తీసి, విరిచింది. లోపల బెల్లంతో దంచిన శనక్కాయ పొడి.

"ఈ గింజలు?"

"మీరిచ్చిన ఒలుపుకూలే. నూనె చవగ్గా వచ్చె గదా, ఇవి ఆడించకుండా మిగిలిపోయినాయి."

"అయితే లోపలిది మన చేలోదే" అని అవ్వ నోట్లో వేసుకుంది. తింటూ కళ్లు తుడుచుకుంది. ఆ రోజు మా అవ్వ మీద నాకు పుట్టిన ప్రేమ ఇప్పటికీ తగ్గలేదు.

అవ్వ భయపడినట్టే అయింది. తర్వాత కొన్నేళ్లకు కాయకు ధర రాక శనక్కాయ వేయడం మానేశాం. ఒలవడానికి ఏమీ లేదు గనుక మార్తత్తను పిలిచే పనీ లేకపోయింది. ఆమె పిల్లలతో గిద్దలూరు వెళ్లిపోయింది. వసారా ఊరికే ఉండిపోయింది, గానుగ మూతపడింది. సుంకం పెంచాలా వద్దా అని నన్నడిగితే, అవ్వను తలచుకుని పెంచమంటాను. మార్తత్త గిన్నె గుర్తొచ్చి మళ్లీ నోరు మూసుకుంటాను.

నూనె కరిగింది. ఈరోజు కర్జికాయలు చేద్దామని, లోపల పెట్టడానికి శనక్కాయ గింజలు దుకాణంలో కొనుక్కొచ్చాను. ఇవి ఏ ఊరి చేలోవయ్యా అని అడిగితే, దుకాణం అబ్బాయి నవ్వి, తెలియదన్నాడు.